ఇంగ్లీషు మీదుగా స్పానిష్: రెండో ఏట ఆగిపోయిన ఒక విద్యార్థిని కేసు

మూడేళ్ళ స్పానిష్ డిగ్రీలో రెండో ఏడు సగం గడిచింది. విద్యార్థిని మాతృభాష తెలుగు, బడి చదువంతా ఇంగ్లీషు మీడియం. యూరప్ కౌన్సిల్ 2001లో తెచ్చిన ఆరు మెట్ల కొలతలో (ఎ1 నుంచి సి2 దాకా) బి1 పాఠాలు పూర్తయ్యాయి. క్రియారూపాల పట్టిక ఇచ్చి ఖాళీలు నింపమంటే దాదాపు అన్నీ నింపేస్తుంది. సొంతంగా ఒక పేజీ రాయమంటే మాత్రం మొదటి ఏడు చేసిన తప్పులే మళ్ళీ వస్తున్నాయి. వార్తలు వింటే విడివిడి మాటలు అందుతాయి, వాక్యం అందదు. సంస్కృతి పేపరులో సమాచారానికి లోటు లేదు, కాని అది ఏ దేశం మాటో, ఏ కాలం మాటో తేలదు. ఇంకా కష్టపడాలన్న సలహా ఆమె చాలాసార్లు విని ఉంది. నిజానికి కష్టపడుతూనే ఉంది.

ఈ కేసులోని విద్యార్థిని ఒక వ్యక్తి కాదు. ఇదే చదువు నేపథ్యంతో స్పానిష్‌కి వచ్చేవాళ్ళలో పదేపదే కనిపించే తప్పుల్ని ఒక మనిషిగా పోతపోసిన రూపం. వాక్యాలు కూడా ఆ తప్పులు స్పష్టంగా కనిపించేలా కూర్చినవి.

రాత గురించి ఒక మాట. ఇక్కడ స్పానిష్ మాటల్లో దీర్ఘం ఉన్నచోట నొక్కి పలకాలి. స్పానిష్‌లో హ్రస్వ దీర్ఘాల తేడా లేదు, నొక్కు తేడా ఉంది. అందుకే దీర్ఘాన్ని నొక్కుకు గుర్తుగా వాడుకున్నాం. ఒకే అక్షరం పలికే చిన్న మాటలకు గుర్తు పెట్టలేదు. విద్యార్థిని నోట్సులో కూడా మొదటి నెల ఇదే పద్ధతి పెట్టించాలి. తేర్మినొ అంటే గడువు, తెర్మీనొ అంటే ముగిస్తాను, తెర్మినో అంటే ముగించాడు. మూడింటికీ అవే అక్షరాలు, నొక్కు ఒక్కటే మారింది. తెలుగులో నొక్కుతో అర్థం మారదు కాబట్టి మన చెవి దాన్ని పట్టించుకోదు. దీర్ఘం కనిపిస్తే మాత్రం నోరు దానంతటదే ఆగుతుంది.

ఏడు వాక్యాలు

ఆమె రాసిన పేరా ఇది:

యొ ఎస్తోయ్ అప్రెందియేందొ ఎస్పన్యోల్ దెస్దె దొస్ ఆన్యొస్. యొ గూస్తొ లస్ నొబేలస్ మెహికానస్. అయేర్ బిసితే మి ప్రొఫెసోర. ల కొన్ఫెరేన్సియ ఎస్తాబ ఎన్ ల బిబ్లియొతేక. యొ సబీఅ ల నొతీసియ అయీ. రెఅలిసే కె ఏయ ఎస్తాబ కన్సాద. కియేరొ కె ఏయ బియేనె ఎల్ లూనెస్.

ఏడు వాక్యాల్లో ఏడింటిలోనూ తప్పుంది. ఆమె చెప్పదలచుకున్నది తెలుగులో ఇది: రెండేళ్ళ నుంచి స్పానిష్ నేర్చుకుంటున్నాను. నాకు మెక్సికన్ నవలలు నచ్చుతాయి. నిన్న మా టీచర్ని కలిశాను. ఉపన్యాసం లైబ్రరీలో జరిగింది. ఆ వార్త నాకు అక్కడే తెలిసింది. ఆవిడ అలసిపోయి ఉందని గ్రహించాను. సోమవారం ఆవిడ రావాలని నా కోరిక.

ఈ తెలుగు వాక్యాలను స్పానిష్ పక్కన పెట్టి చూస్తే జబ్బు ఎక్కడుందో కనిపిస్తుంది.

రెండో వాక్యంతో మొదలుపెడదాం. 'ఐ లైక్' అని ఇంగ్లీషులో ఆలోచించి 'యొ గూస్తొ' అని రాసింది. స్పానిష్ వాక్యం 'మె గూస్తన్ లస్ నొబేలస్'. అంటే నాకు నవలలు నచ్చుతాయి. 'మె' అంటే నాకు. నవలలు బహువచనం కాబట్టి క్రియ బహువచనమైంది. తెలుగులో నచ్చుతుంది, నచ్చుతాయి అని మారినట్టే గూస్త, గూస్తన్ అని మారుతుంది. పాఠ్యపుస్తకాలు దీన్ని పెద్ద వింతలా వివరించి పేజీలు నింపుతాయి, ఎందుకంటే అవి ఇంగ్లీషు వాళ్ళ కోసం రాసినవి. తెలుగువాళ్ళకు ఇందులో వింతేమీ లేదు. 'నాకు తల నొప్పిగా ఉంది'కి 'మె ద్వేలె ల కబేస' కూడా ఇదే అచ్చు.

మూడోది. 'బిసితే మి ప్రొఫెసోర' అన్నచోట 'బిసితే అ మి ప్రొఫెసోర' అని ఉండాలి. కర్మ మనిషైతే ముందు 'అ' రావాలి, వస్తువైతే అక్కర్లేదు. తెలుగులో 'సినిమా చూశాను' అంటాం, 'సీతను చూశాను' అంటాం. సీత చూశాను అనం. మన ని, ను చేసే పనే ఆ 'అ' చేస్తుంది. ఇంగ్లీషులో ఇలాంటిది లేకపోవడం వల్ల, ఇంగ్లీషు మీదుగా వచ్చే విద్యార్థి దీన్ని మూడో ఏడు దాకా వదిలేస్తూనే ఉంటాడు. ఒక తేడా మాత్రం గట్టిగా చెప్పాలి. 'ఎవరో ఒక డాక్టరు కావాలి, వెతుకుతున్నాను' అన్నప్పుడు స్పానిష్‌లో 'బూస్కొ ఉన్ మేదికొ'. అక్కడ 'అ' రాదు, ఎందుకంటే మనసులో ఫలానా మనిషి లేడు. తెలుగులో అక్కడా 'డాక్టర్ని' అనే అంటాం.

అయిదోదాంట్లో 'సబీఅ' అంటే అప్పటికే తెలుసు. ఆమె చెప్పాలనుకున్నది తెలిసింది, అంటే 'సూపె'. గతకాలం రెండు రూపాల్లో ఏది వాడాలన్నది ఈ చదువులో అన్నిటికన్నా ఎక్కువ మార్కులు తినే చోటు. జరిగి ముగిసినదానికి ఒకటి, సాగుతూ ఉన్నదానికీ అలవాటుగా ఉన్నదానికీ మరొకటి అని పుస్తకం చెబుతుంది. తెలుగులో వెళ్ళాను అన్నదానికి 'ఫుయి', వెళ్ళేదాన్ని అన్నదానికి 'ఈబ'. తెలిసింది, సూపె; తెలుసు, సబీఅ. పరిచయమయ్యాడు, కొనొసీ; అప్పటికే ఎరుగుదును, కొనొసీఅ. ఇంగ్లీషులో ఒకే మాటతో సరిపెట్టేచోట తెలుగూ స్పానిషూ రెండేసి మాటలు పెట్టుకున్నాయి. ఈ ఒక్క పోలికను వారం రోజులు తిప్పి తిప్పి చేయించినా దండగ కాదు.

ఆరోదానిలో 'రెఅలిసే' ఇంగ్లీషు 'రియలైజ్' నుంచి దొర్లింది. స్పానిష్‌లో ఆ క్రియకు నిర్వహించాను, చేపట్టాను అని అర్థం. గ్రహించానని చెప్పడానికి 'మె ది క్వేంత దె కె'. ఇలాంటి జంటలు చాలా ఉన్నాయి: 'అసిస్తీర్' అంటే హాజరుకావడం, 'అక్త్వాల్‌మేంతె' అంటే ప్రస్తుతం, 'ఏక్సితొ' అంటే విజయం, 'ఎంబరసాద' అంటే గర్భవతి. జాబితా బట్టీ పట్టించడం కన్నా స్పానిష్-ఇంగ్లీషు నిఘంటువు పక్కన పెట్టించి స్పానిష్-స్పానిష్ నిఘంటువు చేతికివ్వడం మేలు. స్పానిష్ రాయల్ అకాడమీ (స్థాపన 1713) నిఘంటువు ఆన్‌లైన్లో ఉచితం. బి1 చేరినవాళ్ళకు అది కష్టమే, కాని మోయగలిగిన కష్టం.

ఏడోది 'బియేనె' కాదు, 'బేంగ'. వస్తుంది అని చెప్పడం లేదు, రావాలని కోరుతోంది. తెలుగులో వస్తుంది వేరు, రావాలి వేరు. స్పానిష్ ఆ రెండో పని సుబ్హుంతీబొ అనే రూపాలతో చేస్తుంది. ఇంకా దగ్గరి పోలిక ఒకటుంది. 'ఔన్కె య్వేబె' అంటే వాన పడుతున్నా, అంటే నిజంగానే పడుతోంది. 'ఔన్కె య్వేబ' అంటే వాన పడినా సరే, పడుతుందో లేదో తెలీదు. చివరి అచ్చు ఒక్కటి మారితే మొత్తం తీరే మారింది. తెలుగు చెవికి ఇది ఒక్కసారి వినిపిస్తే చాలు, ఇక మర్చిపోదు.

ఇక మొదటి వాక్యం, నాలుగో వాక్యం. వీటిలో నింద ఇంగ్లీషు మీద వేసి ఊరుకోలేం. 'రెండేళ్ళ నుంచి' అన్నదాన్ని మక్కికి మక్కీ దించితే 'దెస్దె దొస్ ఆన్యొస్' అవుతుంది, అది తప్పు. 'దెస్దె ఆసె దొస్ ఆన్యొస్' అనాలి, లేదా అంతకన్నా సహజంగా 'యేబొ దొస్ ఆన్యొస్ అప్రెందియేందొ'. ఇక్కడ తెలుగే దారి తప్పిస్తుంది. నాలుగోదాన్ని కొంచెం విడమరచాలి.

ఉండటం రెండు రకాలు

సెర్, ఎస్తార్ రెండూ 'ఉండు' కిందికే వస్తాయని, శాశ్వతమైతే సెర్, తాత్కాలికమైతే ఎస్తార్ అని మొదటి ఏట చెబుతారు. ఆ సూత్రం చనిపోయిన మనిషి దగ్గర కూలిపోతుంది: 'ఎస్తా మ్వేర్తొ'. చావు కన్నా శాశ్వతం ఏముంది?

తెలుగు వాక్యంలో 'ఉంది, ఉన్నాడు' కనిపిస్తోందా లేదా అని చూడమనండి. ఆయన డాక్టరు: ఇక్కడ క్రియే లేదు, సెర్. 'ఎస్ మేదికొ'. ఆయన ఇంట్లో ఉన్నాడు: ఎస్తార్. 'ఎస్తా ఎన్ కాస'. అది ఆకుపచ్చది: 'ఎస్ బేర్దె'. పండు పచ్చిగా ఉంది: 'ఎస్తా బేర్దె'. '-ది, -వాడు' అని ముగిస్తే సెర్, '-గా ఉంది' అని ముగిస్తే ఎస్తార్ అన్న పరీక్ష చాలా వాక్యాల్లో నిలబడుతుంది.

రెండుచోట్ల విరుగుతుంది. మొదటిది, 'ఆమె అందంగా ఉంటుంది' అన్నది స్వభావం కాబట్టి 'ఎస్ గ్వాప'. ఉంది కాక ఉంటుంది వచ్చిందంటే అనుమానించాలి. రెండోది మన నాలుగో వాక్యం. ఉపన్యాసం లైబ్రరీలో ఉంది అంటాం, కాని స్పానిష్‌లో సభలు, పెళ్ళిళ్ళు, ఆటలు ఎక్కడ అన్నదానికి సెర్ వస్తుంది: 'ఫ్వె ఎన్ ల బిబ్లియొతేక'. పరీక్ష తేలిక. 'ఉంది' తీసేసి 'జరుగుతుంది' పెట్టి చూడాలి. వాక్యం నిలబడితే సెర్. పుస్తకం లైబ్రరీలో జరుగుతుంది అనలేం కాబట్టి దానికి ఎస్తార్.

పేరాలో మరొకటి కూడా గమనించాలి. 'యొ' మూడుసార్లు వచ్చింది, మూడూ అనవసరమే. వచ్చాను అంటే నేనే అని తెలుగులో ఎలా తెలుస్తుందో స్పానిష్‌లోనూ అలాగే తెలుస్తుంది. ప్రతి వాక్యం నేను, నేను అని మొదలుపెట్టే తెలుగు ఉత్తరం ఎలా ఉంటుందో ఆ పేరా స్పానిష్ చదువరికి అలా వినిపిస్తుంది.

పన్నెండు వారాల పని

క్లాసు కాక వారానికి తొమ్మిది గంటలు. రోజుకు గంటన్నర, ఆరు రోజులు. ఇంతకు మించి రెండో ఏడు విద్యార్థి నిలకడగా ఇవ్వలేదు. ఇస్తానన్నా మూడో వారానికి జారిపోతుంది.

మొదటి నాలుగు వారాలు ముఖ్యమైన పని రెండు నిలువు గళ్ళ నోట్సు. ఎడమ తెలుగు, కుడి స్పానిష్. ఇంగ్లీషు అక్షరం కనిపించకూడదు. రోజుకు పది వాక్యాలు, అన్నీ తన జీవితంలోంచి. నచ్చడం, నొప్పి, గుర్తుండటం, తెలియడం, ఉండటం, మనిషిని కర్మగా పెట్టడం అనే ఆరు పనుల చుట్టూ తిరగాలి. మర్నాడు ఎడమ గడి చూసి కుడి గడి మళ్ళీ రాయాలి, తర్వాతే పోల్చుకోవాలి.

దీంతోపాటు గతకాలపు పది అడ్డగోలు మొదళ్ళు (క్రియలో చివరి ప్రత్యయానికి ముందుండే ముక్కలు) బట్టీ పట్టాలి. ఇందులో బట్టీ తప్పదు, సిగ్గుపడాల్సిన పనీ లేదు: తుబ్, ఎస్తుబ్, పుద్, పుస్, సుప్, కిస్, బిన్, ఇస్, దిహ్, త్రహ్. వీటికి చివరి నొక్కు రాదు. తూబె, తూబొ అంటారు కాని తుబే, తుబో అనరు. దిహ్, త్రహ్ రెండింటికీ బహువచనంలో '-ఏరొన్' వస్తుంది. 'దిహియేరొన్' అని రాయడం రెండో ఏడు పేపర్లలో ఎప్పుడూ కనిపించే తప్పు.

అయిదో వారం నుంచి వారానికొక వ్యాసం, 180 పదాలు. దిద్దేవాళ్ళు సరైన రూపం రాసివ్వకూడదు. తప్పు కింద గీత గీసి, పక్కన ఒక గుర్తు మాత్రం పెట్టాలి: కాలం, లింగం, విభక్తి, మాట ఎంపిక. విద్యార్థిని రెండు రోజుల్లోపు కాగితం చూడకుండా మళ్ళీ రాయాలి. ఎరుపు సిరాతో అన్నీ సరిచేసి ఇచ్చిన కాగితం ఫైల్లోకి వెళుతుంది, బుర్రలోకి వెళ్ళదు.

సుబ్హుంతీబొను ఎనిమిదో వారంలోనే ముట్టుకోవాలి, ముందు కాదు. రూపం తేలిక: వర్తమానంలో 'నేను'కు వచ్చే రూపం తీసుకుని చివరి అచ్చు మార్చడమే. 'తేంగొ' నుంచి 'తేంగ'. దారిలోకి రానివి ఆరు: సెర్, ఎస్తార్, ఇర్, అబేర్, సబేర్, దార్. రూపాలు రెండు రోజుల పని. ఎప్పుడు వాడాలన్నది నెలల పని.

చెవి

ఒక వాక్యం తీసుకుందాం: 'బ అ అబ్లార్ అ ఆన ఎన్ ల ప్లాస', చౌరస్తాలో ఆనాతో మాట్లాడబోతోంది అని. విడివిడిగా లెక్కపెడితే పదకొండు అక్షరాలు. నోట పలికితే ఏడే: బా, బ్లా, రా, నెన్, ల, ప్లా, స. పక్కపక్కన పడ్డ అచ్చులు కలిసిపోయాయి, హల్లు తర్వాతి అచ్చును లాక్కుంది. స్పానిష్ వాళ్ళు దీన్ని సినలేఫ అంటారు. మనం సంధి అంటాం. రాముడు అతడు అన్న రెండు మాటలు రాముడతడు అయినట్టే. 'వాళ్ళు వేగంగా మాట్లాడతారు' అన్న ఫిర్యాదులో సగం నిజానికి సంధి గురించిన ఫిర్యాదు.

వైద్యం: అరవై సెకన్ల ఆడియో, అయిదు సార్లు. మొదటిసారి కలం పట్టకూడదు. రెండు, మూడు సార్లు రాయాలి. నాలుగోసారి రాతప్రతి పక్కన పెట్టుకుని కలిసిపోయిన ప్రతి అచ్చుల జంట కిందా అర్ధచంద్రం గీయాలి. అయిదోసారి ఆడియోతో కలిసి పలకాలి. ఈ అర్ధచంద్రాలు కవిత్వం పేపర్లో కూడా పనికొస్తాయి, ఎందుకంటే స్పానిష్ పద్యపాదాన్ని అక్షరాలతోనే కొలుస్తారు, సినలేఫ లెక్కలోకి వస్తుంది. చివరి అక్షరం మీద నొక్కు పడితే ఒకటి కలపాలి, చివర నుంచి మూడోదాని మీద పడితే ఒకటి తీసేయాలి. గురులఘువులు లెక్కపెట్టిన వాళ్ళకు అరగంట పని.

ఉచ్చారణలో మనకు కలిసొచ్చేవి ఎక్కువ. త, ద మనవే. పేరొ (కాని), పేర్రొ (కుక్క) తేడా గొర్రె, కర్ర అనే నోటికి కష్టం కాదు. కాని మాట మొదట్లో ఉన్న ర కూడా కర్రలోని ర్ర లాగే దొర్లాలి. రోస, రోమ అన్నచోట అందరూ మెత్తగా పలికేస్తారు. రాతలో బి, వి అనే రెండు అక్షరాలు కనిపించినా ధ్వని ఒక్కటే. ఇంగ్లీషు 'వి'ని దించితే యాస బయటపడుతుంది.

ఏ ప్రాంతపు స్పానిష్ అన్న ప్రశ్న మొదటి వారమే వస్తుంది. వినడానికి అన్నీ, పలకడానికి ఒక్కటే. బొగొతా, మెక్సికో నగర వార్తలతో మొదలుపెట్టి, తర్వాత మాడ్రిడ్, ఆఖర్న కరీబియన్, చిలీ. ఈ చివరి రెండింటిలో అక్షరం చివరి 'స్' ఊపిరిగా మారిపోతుంది, లొస్ అమీగొస్ కాస్తా లొహ్ అమీగొహ్ అవుతుంది. నువ్వు, మీరు తేడా తెలిసిన మనకు తు, ఉస్తేద్ సులువే. కాని మీరు గౌరవానికీ బహువచనానికీ ఒకటే కాబట్టి ఉస్తేద్, ఉస్తేదెస్ కలగాపులగం చేస్తారు. అర్జెంటీనాలో తు బదులు బొస్. అది వాడితే క్రియ కూడా మారాలి: 'బొస్ తెనేస్'. 'బొస్ తియేనెస్' అనేది పరీక్ష పేపర్లో తప్పుగానే లెక్క. బొసోత్రొస్ (చనువుగా మీరంతా) అన్నది వాడుకలో ఎక్కువగా స్పెయిన్‌కే పరిమితం.

అక్టోబర్ 12

సంస్కృతి పేపర్లో ఆమెకిచ్చిన అంశం హిస్పానిక్ ప్రపంచంలో అక్టోబర్ 12. ఆమె శీర్షిక 'కొలంబస్ డే'. మొదటి పేరాలోనే అది అక్టోబర్ రెండో సోమవారం వస్తుందని రాసింది. రెండో సోమవారం అమెరికా సంయుక్త రాష్ట్రాల సెలవు. స్పానిష్ మాట్లాడే దేశాల్లో, సెలవు కొన్నిచోట్ల సోమవారానికి జరిగినా, ఈ రోజుకు మూలం తేదీ, వారం కాదు: 1492 అక్టోబర్ 12న కొలంబస్ గ్వనహాని దీవిలో దిగిన రోజు. చదివిన అయిదు ఆధారాలూ ఇంగ్లీషువే. భాషలో చేసిన తప్పే ఇక్కడా చేసింది, ఇంగ్లీషు మీదుగా వెళ్ళింది.

దిద్దడానికి ఒకే పని: ఆ రోజుకు ఏ దేశం, ఏ ఏడాది, ఏ పేరు పెట్టింది? అర్జెంటీనా 1917లో 'దీఅ దె ల రాస' అంది, జాతి దినం. అదే అర్జెంటీనా 2010లో సాంస్కృతిక వైవిధ్య గౌరవ దినంగా మార్చింది. స్పెయిన్ 1987 చట్టంతో దాన్ని జాతీయ పండుగ చేసుకుంది. వెనెజువెలా 2002లో మూలవాసుల ప్రతిఘటన దినం అంది. బొలీవియా 2011లో వలసవాద విముక్తి దినం అంది. 1992లో రాబోయే అయిదువందల ఏళ్ళ సందర్భానికి మెక్సికో చరిత్రకారుడు మిగెల్ లెయోన్-పొర్తీయ 'రెండు లోకాల కలయిక' అన్న పేరు ముందుకు తెచ్చాడు. దాని మీద కూడా పెద్ద వాదమే నడిచింది.

ఈ పేర్లను వరసగా పెడితే చాలు, వ్యాసానికి వెన్నెముక దొరికినట్టే. కనుగొనడం, కలయిక, దండయాత్ర, ప్రతిఘటన: ఏ నామవాచకం ఎంచుకున్నామో అదే మన వాదం. మళ్ళీ రాసేటప్పుడు పెట్టిన నియమం: కనీసం మూడు ఆధారాలు స్పానిష్‌లో ఉండాలి, అందులో ఒకటి చట్టం లేదా ఉత్తర్వు పాఠం. ప్రభుత్వ ఉత్తర్వు స్పానిష్ బి1 వాళ్ళకు భయంగా కనిపిస్తుంది కాని వాక్యాలు ఒకే మూసలో ఉంటాయి, రెండు పేజీలు చదివేసరికి పట్టు దొరుకుతుంది.

'హిస్పానిక్' అన్న మాటనే ఒక జాతిలా వాడటం మరో తప్పు. ఆఫ్రికాలో 1968లో స్పెయిన్ నుంచి స్వతంత్రమైన ఈక్వటోరియల్ గినీలో స్పానిష్ అధికార భాష. పరాగ్వేలో 1992 రాజ్యాంగం ప్రకారం గ్వరనీ కూడా అధికార భాషే. స్పెయిన్ 1978 రాజ్యాంగం మూడో అధికరణం ఈ భాషను కస్తెయానొ అంటుంది, ఎందుకంటే కతలాన్, గలీసియన్, బాస్క్ కూడా స్పెయిన్ భాషలే. ఈ మూడు వాక్యాలు తెలిసి వ్యాసం మొదలుపెడితే 'వాళ్ళ సంస్కృతి' అన్న ముక్క దానంతటదే మాయమవుతుంది.

పాఠ్య వ్యాఖ్య

సాహిత్యం పేపర్లో కొమెంతారియొ దె తేక్స్తొ రాయాలి: ఒక పేజీ ఇస్తారు, దాన్ని విప్పి చూపాలి. విద్యార్థిని అలవాటు రచయిత జీవితంతో మొదలుపెట్టడం. దాన్ని మాన్పడానికి రచయిత ఎవరో తెలియని పాఠం ఇవ్వడం మంచి ఉపాయం. 1554లో అచ్చయిన లసరీల్యొ అనే కథ సరిగ్గా అలాంటిది. జీవితచరిత్ర రాద్దామంటే మనిషి లేడు, ఇక పాఠమే చూడాలి.

పని వరస: ముందు పంక్తులకు అంకెలు వేయాలి. తర్వాత ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, ఏ సంబోధనతో అని గుర్తించాలి. ఆ తర్వాత క్రియల కాలాలు. ఆఖర్న మాత్రమే ఇతివృత్తం. లసరీల్యొలో రెండో మెట్టు దగ్గరే అసలు సంగతి దొరుకుతుంది. కథ చెప్పేవాడు ఒక పెద్దమనిషికి సంజాయిషీ రాసుకుంటున్నాడు, ఆయన్ని 'బ్వేస్త్ర మెర్సేద్' అని పిలుస్తున్నాడు. తమరి దయ అన్నట్టు. ఆ మాటే నలిగి నలిగి నేటి ఉస్తేద్ అయింది. ఉస్తేద్ ఎదుటి మనిషిదైనా క్రియ ప్రథమ పురుషలో ఎందుకొస్తుందో ఇక్కడ తెలుస్తుంది. 'ఏలినవారు సెలవిచ్చారు' అని ఎదుట నిలబడి అనే తెలుగు తెలిసినవాళ్ళకు దీన్ని విడిగా వివరించక్కర్లేదు. ఉస్తేద్‌కు పొట్టి రూపంగా 'వి, డి' అక్షరాలు రాసే అలవాటులో ఆ పాత మాట మొదటి అక్షరం ఇంకా మిగిలే ఉంది. పైవాడికి జవాబు చెప్పుకుంటున్న కిందివాడి గొంతు అది అని సంబోధన ఒక్కటే చెప్పేస్తుంది. 1559లో ఈ పుస్తకం నిషిద్ధ జాబితాకు ఎక్కిందన్న సంగతి ఆ తర్వాత చెబితే బరువుగా ఉంటుంది, మొదట్లో చెబితే సమాచారంగా మిగులుతుంది.

ఎక్కడ బెడిసింది

తెలుగు గడి మంచిదే కాని అయిదో వారానికి దాని జబ్బులు దానికి వచ్చాయి. 'నాకు ఆకలిగా ఉంది' చూసి 'మె ఎస్తా ఆంబ్రె' అని రాసింది. స్పానిష్‌లో ఆకలి, దప్పిక, భయం, వయసు అన్నీ కలిగి ఉండేవి: 'తేంగొ ఆంబ్రె'. 'నిన్న నేను కొన్న పుస్తకం' స్పానిష్‌లో తలకిందులవుతుంది: 'ఎల్ లీబ్రొ కె కొంప్రే అయేర్', పుస్తకం ముందు, కొనడం తర్వాత. తెలుగులో పొడుగు వాక్యం రాసి దించబోతే మధ్యలో తెగిపోయింది. ఎడమ గడిలో ఏడు మాటలకు మించిన వాక్యం వద్దని హద్దు పెట్టాక సర్దుకుంది.

ఉపపదాలు ఇంకో దెబ్బ. తెలుగులో అవి లేవు. 'మె గూస్త కఫే' అని రాసింది, 'ఎల్ కఫే' అనాలి. ఇక్కడ ఇంగ్లీషూ ఆదుకోదు. దీనికి పోలికలు వెతకడం మానేసి, నామవాచకాన్ని ఎప్పుడూ ఉపపదంతో కలిపే నోట్సులో ఎక్కించడం ఒక్కటే దారి. 'ఎల్ ప్రొబ్లేమ', 'ఎల్ మాప', 'ల మానొ', 'ల ఫోతొ' లాంటి ఎదురు లింగాలు కూడా అలాగే పట్టుబడతాయి.

అందుకే ఎనిమిదో వారం తర్వాత తెలుగు గడి తీసేయాలి. అది వంతెన, అక్కడే కాపురం పెట్టకూడదు. దాని స్థానంలో అకాడమీ వారి ఉచిత వాక్యభాండారం కోర్పెస్ వాడించాలి. 'రెఅలిసార్' అని వెతికి, దాని తర్వాత వచ్చిన మొదటి ఇరవై నామవాచకాలు రాసుకోమంటే, అధ్యయనం, యాత్ర, పని లాంటివే ఎదురవుతాయి. గ్రహింపు ఎక్కడా కనిపించదు. ఉపాధ్యాయుడు చెప్పడం కన్నా అలా తన కళ్ళతో చూడటం బలంగా నాటుకుంటుంది.

పరీక్ష

ఈ కేసులో లక్ష్యం బి2 దేలె. స్పెయిన్ విద్యాశాఖ తరఫున సెర్వాంతెస్ సంస్థ (స్థాపన 1991) ఇచ్చే పట్టా, దానికి గడువు లేదు. చదవడం 70 నిమిషాలు, వినడం 40, రాయడం 80, మాట్లాడటం 20, దానికి ముందు తయారీకి మరో 20. చదవడం, రాయడం కలిపి ఒక జట్టు. వినడం, మాట్లాడటం కలిపి మరో జట్టు. ప్రతి జట్టుకు 50 మార్కులు, రెండింటిలోనూ విడివిడిగా 30 రావాలి. చదవడంలో మిగిలిన మార్కులు వినడంలో లోటును పూడ్చవు. ఇంగ్లీషు మీడియం విద్యార్థులు చదవడంలో బలంగా ఉండి, ఈ ఏర్పాటు దగ్గరే తప్పుతారు. కాబట్టి చివరి మూడు వారాల్లో సగానికి పైగా సమయం రెండో జట్టుకే. సియేలె అనే మరో పరీక్ష ఉంది, కంప్యూటర్ మీద, ఫలితం అయిదేళ్ళు చెల్లుతుంది. ఎక్స్చేంజ్ దరఖాస్తుకు అది సరిపోతుంటే తొందర పడి దేలె రాయక్కర్లేదు.

పన్నెండో వారం

అదే అంశం మీద మళ్ళీ రాయిస్తే మారేవి ముందుగా నచ్చడం, మనిషి ముందు 'అ', తెలియడం, అనవసరమైన 'యొ'. ఇవి తెలుగులో అప్పటికే ఉన్నవి కాబట్టి కొత్తగా నేర్పింది తక్కువ, అడ్డు తీసింది ఎక్కువ. సెర్, ఎస్తార్ రాతలో కుదురుకుంటాయి, మాటలో ఇంకా తడబడతాయి. ఉపపదాలు సగం దారిలో ఉంటాయి. సుబ్హుంతీబొ కోరికల దగ్గర వస్తుంది, సందేహాల దగ్గర ఇంకా రాదు.

వచ్చే సెమిస్టర్ పని ముందే కనిపిస్తోంది: టైముంటే వెళ్ళేదాన్ని. ఆమె ఇప్పటికీ 'సి తెంద్రీఅ త్యేంపొ' అని రాస్తుంది. ఉత్తర స్పెయిన్‌లో కొన్నిచోట్ల స్థానికులు కూడా అలా అంటారు, కాని పరీక్షలో అది చెల్లదు. 'సి తుబియేర త్యేంపొ, ఇరీఅ' అనాలి. 'తుబియేర' రూపం గతకాలపు 'తుబియేరొన్' నుంచి చివర కోసి కట్టినదే. అంటే మొదటి నెల బట్టీ పట్టిన పది మొదళ్ళు అన్నీ మళ్ళీ పనిలోకి వస్తాయి. నోట్సు కొత్త పేజీలో ఆ పదీ ఒక నిలువు వరసలో రాసి, ఎదురుగా '-ఇయేర' రూపానికి చోటు వదిలిపెట్టమని చెప్పాం. దిహ్, త్రహ్ దగ్గర 'దిహేర', 'త్రహేర' అని రావాలి. పాత తప్పు మళ్ళీ తలెత్తేది అక్కడే.